పెట్టే ఖర్చుకు తగ్గ కాలేజీయేనా? పల్నాటి కుటుంబాల ముందున్న లెక్క

2023లో గుంటూరు యార్డులో క్వింటా మిర్చి 20 వేల రూపాయలు దాటింది. 2025 ఫిబ్రవరి నాటికి ధర బాగా పడిపోయి, కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేయాల్సి వచ్చింది. ఎకరానికి 20 క్వింటాళ్లు పండించిన రైతుకు ఈ రెండు ధరల మధ్య తేడా లక్షా 64 వేల పైచిలుకు. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు తీసుకుని పిల్లాణ్ని హాస్టల్లో ఉంచితే ఒక ఏడాదికి అయ్యే ఖర్చు ఇంచుమించు అంతే ఉంటుంది, చాలాచోట్ల అంతకు మించుతుంది. మిర్చి ధర సగానికి పడిపోయినా ఫీజు మాత్రం రూపాయి తగ్గదు.

దాచేపల్లి, నడికుడి, గామాలపాడు చుట్టుపక్కల ఊళ్లలో ఏటా జూలై, ఆగస్టు నెలల్లో ఈ రెండు లెక్కలూ ఒకేసారి మీద పడతాయి. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ జరిగేది అప్పుడే, విత్తనాలూ ఎరువులూ కొనాల్సిందీ అప్పుడే. పంట డబ్బు చేతికొచ్చేది ఆరేడు నెలల తర్వాత. అందుకే మొదటి ఏడాది ఫీజు చాలా ఇళ్లలో నోటు రాసి తెచ్చిన డబ్బే. కాలేజీ మంచిదా కాదా అని అడిగే ముందు, ఏ డబ్బుతో చదివిస్తున్నామన్నది అడగాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిందల్లా అదే: ఒక కాలేజీ ఖర్చుకు తగినదో కాదో దాని పేరును బట్టి తేలదు. అందులో చదివిన సగటు విద్యార్థికి ఏం దక్కిందో, మనం కట్టే డబ్బు మీద వడ్డీ ఎంతో, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే తేలుతుంది.

అరుదైన సీటు అంగట్లోకి ఎలా వచ్చింది

గుంటూరులో ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ 1885లో మొదలైంది. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో, గుంటూరు వైద్య కళాశాల 1946లో, నాగార్జున విశ్వవిద్యాలయం 1976లో వచ్చాయి. ఆ కాలంలో కాలేజీ సీటు దొరకడమే కష్టం, దొరికితే ఖర్చు మాత్రం తక్కువ. 1977లో విజయవాడలో సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ, 1981లో బాపట్ల ఇంజనీరింగ్ కాలేజీ, 1985లో గుంటూరు దగ్గర ఆర్‌వీఆర్ అండ్ జేసీ వచ్చాక ప్రైవేటు సాంకేతిక విద్య మన జిల్లాల్లో వేళ్లూనుకుంది. ఇక్కడ సీటు రానివాళ్లు డొనేషన్ కట్టి కర్ణాటక వెళ్లేవారు. డొనేషన్ల జబ్బు ముదరకుండా 1983లోనే మన రాష్ట్రం క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేసింది. తర్వాత ఉన్నికృష్ణన్ (1993), టీఎంఏ పాయ్ (2002), ఇస్లామిక్ అకాడమీ (2003) తీర్పుల్లో సుప్రీంకోర్టు విద్య లాభాపేక్షతో నడిపే వ్యాపారం కారాదని చెబుతూ వచ్చింది. ఫీజులు ఖరారు చేసే కమిటీలు ఆ తీర్పుల నుంచే పుట్టాయి.

2008 ప్రాంతంలో ప్రభుత్వమే ఫీజు కట్టే రీయింబర్స్‌మెంట్ పథకం విస్తరించడంతో చిత్రమే మారిపోయింది. అంతకు ముందైతే ఇంటర్‌తో ఆగిపోయే ఇళ్ల పిల్లలు ఇంజనీర్లయ్యారు. అది నిజమైన మేలు, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. అయితే ఆ డబ్బును చూసుకుని కాలేజీలూ పుట్టగొడుగుల్లా లేచాయి. 2010 నాటికి ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు దాదాపు 700. వాటిలో చాలా కాలేజీలు తర్వాత మూతపడ్డాయి. సీటు అరుదైన రోజుల్లో తల్లిదండ్రులు కాలేజీ చుట్టూ తిరిగారు. ఇప్పుడు కాలేజీ పీఆర్వోలు ఇంటికి వస్తున్నారు. ఎంచుకునే అవకాశం మన చేతికొచ్చింది కానీ, ఎంచుకునే పద్ధతి మాత్రం ఇంకా పాత రోజులదే.

ఫీజు వెనకాల ఉన్న ఖర్చు

ఫీజుల కమిషన్ ఖరారు చేసిన ట్యూషన్ ఫీజు కాగితం మీద కనిపిస్తుంది. దాని వెనకాల బస్సు లేదా హాస్టల్, పరీక్ష ఫీజు, ప్లేస్‌మెంట్ శిక్షణ పేరుతో కట్టించుకునే సొమ్ము, ల్యాప్‌టాప్, ప్రాజెక్టు ఖర్చు ఉంటాయి. తప్పిన సబ్జెక్టులకు మళ్లీ కట్టే ఫీజు, డిగ్రీ ఒక ఏడాది ఆలస్యమైతే పోయే సంపాదన కూడా ఖర్చే. వీటన్నిటి కంటే పెద్దది వడ్డీ.

ఒక లెక్క వేద్దాం. ఏడాదికి అన్నీ కలిపి లక్షన్నర చొప్పున నాలుగేళ్లకు 6 లక్షలు అప్పు తెచ్చామనుకోండి. చదువు పూర్తయ్యాక ఉద్యోగానికి ఒక ఏడాది పట్టిందనుకుందాం. అప్పటికి మొదటి ఏడాది సొమ్ము ఐదేళ్లు, రెండోది నాలుగేళ్లు, మూడోది మూడేళ్లు, చివరిది రెండేళ్లు వడ్డీ మోసి ఉంటుంది. బ్యాంకులో 10 శాతం సాధారణ వడ్డీ అయితే 2 లక్షల 10 వేలు. మొత్తం 8 లక్షల 10 వేల బాకీని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 10,700 రూపాయల వాయిదా. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి తెస్తే, చక్రవడ్డీ లేకుండానే అదే కాలానికి వడ్డీ 5 లక్షల 4 వేలు. బాకీ 11 లక్షలు దాటింది. అసలు 6 లక్షల మీద నెల వడ్డీ ఒక్కటే 12 వేలు.

ఐటీ కంపెనీల్లో కొత్తగా చేరేవాళ్లలో ఎక్కువమందికి వచ్చే ఏడాది జీతం పదేళ్లకు పైగా 3 లక్షలకూ 4 లక్షలకూ మధ్యనే నిలిచిపోయింది. చేతికొచ్చేది నెలకు పాతిక వేలు, లేదా కాస్త ఎక్కువ. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో హాస్టలూ తిండీ పోను, బ్యాంకు వాయిదా కష్టంగానైనా కట్టొచ్చు. రెండు రూపాయల వడ్డీ అప్పు ఆ జీతంతో తీరదు. చివరికి పొలమే తీర్చాలి. కాబట్టి ఒకే కాలేజీ, ఒకే బ్రాంచి, ఒకే జీతం వచ్చినా, బ్యాంకు అప్పుతో చదివిన ఇంటికి అది లాభం, ఊళ్లో వడ్డీకి తెచ్చి చదివించిన ఇంటికి నష్టం కావొచ్చు.

బ్యాంకు దారి చాలామంది అనుకున్నంత మూసుకుపోయి లేదు. ఏడున్నర లక్షల వరకు విద్యారుణాలకు హామీ ఆస్తి అడగకుండా కేంద్రం రుణ హామీ పథకం నడుపుతోంది. ఏడాది ఆదాయం నాలుగున్నర లక్షల లోపున్న కుటుంబాలకు, గుర్తింపు ఉన్న వృత్తి, సాంకేతిక కోర్సుల్లో, చదువుకునే కాలానికీ ఆ తర్వాత ఒక ఏడాదికీ వడ్డీ రాయితీ ఉంది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద, ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థల్లో మెరిట్ మీద సీటు వచ్చినవారికి హామీ లేకుండా రుణమిస్తారు. ఏడాది ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ కూడా వస్తుంది. మనం ఎంచుకున్న కాలేజీకి ఈ పథకాలు వర్తిస్తాయా అని బ్యాంకు మేనేజర్‌ను అడిగితే, ఆ కాలేజీ గురించి మొదటి సమాచారం అక్కడే దొరుకుతుంది.

ఒకే బెంచీ, రెండు ధరలు

ఒకే తరగతిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు విద్యార్థులను చూడండి. ఒకరు ర్యాంకు మీద కన్వీనర్ కోటాలో వచ్చారు, రీయింబర్స్‌మెంట్ ఉంది, ఇంటి నుంచి బస్సు ఖర్చు మాత్రమే పెట్టుకున్నారు. రెండోవారు మేనేజ్‌మెంట్ కోటాలో వచ్చి లక్షలు కట్టారు. పాఠం ఒకటే, ల్యాబ్ ఒకటే, డిగ్రీ మీద ముద్ర ఒకటే. ‘ఫలానా కాలేజీ మంచిదేనా’ అని ఎవరైనా అడిగితే, ఏ సీటుకని తిరిగి అడగకుండా జవాబు చెప్పలేం.

రీయింబర్స్‌మెంట్ నిబంధనల ప్రకారం కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు, భూమి మాగాణి అయితే 10 ఎకరాల లోపు, మెట్ట అయితే 25 ఎకరాల లోపు ఉండాలి. మన ప్రాంతంలో చిన్న రైతులూ కౌలు రైతులూ చాలావరకు ఈ పరిధిలోకే వస్తారు. హాజరు 75 శాతం ఉండాలి. మేనేజ్‌మెంట్, స్పాట్ అడ్మిషన్లకు ఈ పథకం వర్తించదు. కౌన్సెలింగ్ అయిపోయాక ‘స్పాట్‌లో ఇప్పిస్తాం, తర్వాత స్కాలర్‌షిప్ వస్తుంది’ అనే మాట నమ్మి ఏటా కొన్ని కుటుంబాలు మునుగుతున్నాయి. ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లోనూ 35 శాతం సీట్లు ఈఏపీసెట్ కన్వీనర్ ద్వారా భర్తీ అవుతాయన్న సంగతి తెలిసినవాళ్లు తక్కువ. ర్యాంకు ఉండీ, అక్కడి ప్రవేశపరీక్ష రాసి పూర్తి ఫీజుకు చేరిపోయేవాళ్లు అందుకే ఉన్నారు.

రీయింబర్స్‌మెంట్ మీద ఒక జాగ్రత్త కూడా అవసరం. ప్రభుత్వాలు మారినా బకాయిలు పేరుకుపోవడం మారలేదు. తల్లుల ఖాతాల్లో వేసిన కాలంలోనూ, కాలేజీలకు నేరుగా చెల్లించే పద్ధతిలోనూ సొమ్ము ఆలస్యమైంది. ఆలస్యమైనప్పుడు భారం విద్యార్థి మీదే పడుతుంది: ‘ముందు మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం’ అంటారు. ఒక ఏడాది ఫీజు సర్దుబాటు చేసుకోగల వెసులుబాటు ఇంట్లో ఉందా లేదా అని చేరకముందే చూసుకోవాలి. ఫీజు పేరు చెప్పి ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోవడాన్ని యూజీసీ 2018లోనే నిషేధించింది. ఆ మాట గట్టిగా అడిగే హక్కు మీకుంది. రసీదు ఇవ్వని సొమ్ము దేనికీ కట్టొద్దు.

ఫ్లెక్సీ మీద అంకె, కాగితం మీద అంకె

మిర్చి విత్తనం కొనేటప్పుడు మన రైతు, పక్క ఊళ్లో ఎవరికో 35 క్వింటాళ్లు వచ్చిందన్న కబురు నమ్మి ప్యాకెట్ కొనడు. నిరుడు వేసినవాళ్లలో ఎక్కువమందికి ఎంత దిగుబడి వచ్చిందని, తెగులుకు ఎంత తట్టుకుందని అడుగుతాడు. నల్ల తామరపురుగు తోటలను ఊడ్చేసిన 2021-22 తర్వాత ఆ ప్రశ్న ఇంకా గట్టిగా అడుగుతున్నాడు. అదే రైతు కాలేజీ దగ్గరికి వచ్చేసరికి, రోడ్డు పక్క ఫ్లెక్సీ మీద 40 లక్షల ప్యాకేజీ వచ్చిన ఒక్క కుర్రాడి ఫొటో చూసి సరిపెట్టుకుంటున్నాడు.

సగటు విద్యార్థి సంగతి తెలుసుకోవడానికి చేతికి అందే కాగితం ఒకటి ఉంది. కేంద్ర విద్యాశాఖ 2015లో మొదలుపెట్టిన ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగుల కోసం కాలేజీలు తమ లెక్కలు పంపాలి, ఆ లెక్కలు వెబ్‌సైటులో అందరికీ కనిపించేలా పెట్టాలి. నాలుగేళ్ల కోర్సు పట్టికలో ఈ గడులుంటాయి: ఆ ఏడాది చేరినవారు, రెండో ఏట ల్యాటరల్ ఎంట్రీలో చేరినవారు, గడువులోగా పాసైనవారు, ఉద్యోగం వచ్చినవారు, వారి జీతాల మధ్యగతం, పై చదువులకు వెళ్లినవారు.

దీన్ని ఎలా చదవాలో ఊహించిన అంకెలతో చూద్దాం. మొదటి ఏడాది 300 మంది, రెండో ఏట 40 మంది చేరారు. గడువులో పాసైనవారు 240. ఉద్యోగాలు వచ్చింది 150 మందికి. జీతాల మధ్యగతం 3 లక్షల 60 వేలు. కాలేజీ వాళ్లు ‘అర్హులైన 170 మందిలో 150 మందికి, అంటే 88 శాతం ప్లేస్‌మెంట్’ అని ప్రకటిస్తారు. అబద్ధం కాదు. కానీ ఫీజు కట్టింది 340 మంది. వారితో భాగిస్తే 44 శాతం. మధ్యగతం అంటే ఉద్యోగం వచ్చినవారిలో సగం మంది జీతం దానికి పైన, సగం మందిది దానికి కింద. అంటే 3 లక్షల 60 వేలకు మించి తెచ్చుకున్నవాళ్లు 75 మంది, చేరిన ప్రతి వందమందిలో 22 మంది. మన పిల్లవాడు ఆ 22 మందిలో ఉంటాడని ఏ ఆధారంతో అనుకుంటున్నామో ఇంట్లో కూర్చుని నిజాయితీగా మాట్లాడుకోవాలి. ఇంటర్ మార్కులూ ఈఏపీసెట్ ర్యాంకూ ఆ తరగతిలో పై భాగంలో ఉంటే ఆ ఆశకు ఆధారముంది.

మరో పరీక్ష అధ్యాపకులు. ఏఐసీటీఈ ప్రమాణం ప్రకారం ఇంజనీరింగ్‌లో ప్రతి 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడుండాలి. ఒక బ్రాంచిలో ఏడాదికి 240 సీట్లుంటే నాలుగేళ్లకు 960 మంది, వారికి 48 మంది అధ్యాపకులు. 2024-25 నుంచి ఏఐసీటీఈ సీట్ల పరిమితి ఎత్తేశాక కంప్యూటర్ సైన్స్ సెక్షన్లు విపరీతంగా పెరిగాయి. పెంచిన సీట్లకు తగ్గట్టు గురువులు పెరిగారా అన్నది వెబ్‌సైటులోని అధ్యాపకుల జాబితాలో లెక్కపెట్టి చూడొచ్చు. వాళ్లు ఎన్నేళ్లుగా అక్కడున్నారో కూడా చూడండి. ప్రతి సెమిస్టర్‌కూ సార్లు మారే కాలేజీలో బ్యాక్‌లాగులు ఎక్కువ.

న్యాక్ గ్రేడు, ఎన్‌బీఏ గుర్తింపు అవసరమే కానీ అవే తుది మాట కాదు. గుంటూరు జిల్లాలోని ఒక విద్యాసంస్థకు మంచి గ్రేడు కోసం లంచం తీసుకున్నారన్న ఆరోపణపై 2025 ఫిబ్రవరిలో న్యాక్ తనిఖీ బృంద సభ్యులనే సీబీఐ అరెస్టు చేసింది. గ్రేడు కన్నా, నిరుడు పాసైన మన మండలం పిల్లల్లో పైవరస వాళ్లను వదిలి, మధ్యవరసలో ఉన్న ఐదుగురితో మాట్లాడటం నమ్మకమైన దారి.

పేరుకు విలువ ఉందా?

ఈ ప్రశ్న మీద అర్థశాస్త్రంలో రెండు ప్రధాన వాదాలున్నాయి. 1964లో గ్యారీ బెకర్ రాసిన పుస్తకం చదువును మనిషి మీద పెట్టే పెట్టుబడిగా చూసింది: నైపుణ్యం పెరుగుతుంది, దాంతో సంపాదనా పెరుగుతుంది. 1973లో మైకేల్ స్పెన్స్ మరో మాటన్నాడు: డిగ్రీ చాలావరకు ఒక సంకేతం, దాన్ని చూసి యజమాని మనిషి సామర్థ్యాన్ని ఊహించుకుంటాడు. మన దగ్గర రెండూ నిజమే. పెద్ద కంపెనీలు కొన్ని కాలేజీలకే వస్తాయి, కాబట్టి పేరుకు విలువుంది. లోపలికి వెళ్లాక పని రాకపోతే ఆ పేరు ఎంతోకాలం కాపాడదు.

2002లో స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అమెరికాలో ఒక ముఖ్యమైన సంగతి తేల్చారు. పెద్ద పేరున్న కాలేజీలో సీటు వచ్చి కూడా వేరే కాలేజీలో చేరినవాళ్లు, పేరున్న కాలేజీలో చదివినవాళ్లతో దాదాపు సమానంగానే సంపాదించారు. అంటే తేడా ఎక్కువగా విద్యార్థిలోనే ఉంది. అయితే పేద కుటుంబాల పిల్లలకు మాత్రం మంచి కాలేజీ వల్ల అదనపు లాభం కనిపించింది. మన పరిస్థితికి ఈ రెండో ముక్క బాగా వర్తిస్తుంది. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లకు దారి చూపే బంధువులుండరు. సీనియర్లూ అధ్యాపకులూ తోటి విద్యార్థులే ఆమెకు దిక్కు. అందుకే మెరిట్ సీటు దొరికినప్పుడు, ఇంటికి కాస్త దూరమైనా మెరుగైన కాలేజీకే పంపాలి. డబ్బు పోసి ఆ పేరు కొనే విషయంలో మాత్రం ఈ పరిశోధన మనకు ధైర్యం ఇవ్వదు.

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో విడుదల చేసిన భారత ఉపాధి నివేదిక ప్రకారం, 2022లో పట్టభద్రులైన యువతలో నిరుద్యోగం 29.1 శాతం, చదవడం రాయడం రానివాళ్లలో 3.4 శాతం. దీన్నిబట్టి చదువు దండగ అనడం తప్పు. చదువులేనివాడికి ఖాళీగా కూర్చునే స్తోమత ఉండదు, దొరికిన కూలికి పోతాడు. కానీ డిగ్రీకీ ఉద్యోగానికీ మధ్య దూరం ఎంతుందో ఈ అంకె చెబుతోంది. ఆ దూరం దాటేవరకు ఇల్లు ఎలా నడుస్తుందన్నదీ ఖర్చులో భాగమే.

అడగకుండా వదిలేస్తున్న దారులు

పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్ చేసి, ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరితే మూడూ మూడూ ఆరేళ్లు. ఇంటర్ చదివి బీటెక్ చేస్తే రెండూ నాలుగూ ఆరేళ్లే. కాలం సమానం. ప్రభుత్వ పాలిటెక్నిక్ ఫీజు ఏడాదికి 5 వేల లోపే. కార్పొరేట్ ఇంటర్ హాస్టల్‌కు పోసే డబ్బు మొత్తం మిగులుతుంది. మధ్యలో ఆగిపోవాల్సి వచ్చినా చేతిలో డిప్లొమా ఉంటుంది. సున్నపురాయీ సిమెంటు ఫ్యాక్టరీలూ ఉన్న దాచేపల్లి, పిడుగురాళ్ల ప్రాంతంలో మెకానికల్, ఎలక్ట్రికల్ డిప్లొమా పనికొచ్చే చదువు.

2008లో మొదలైన నూజివీడు ట్రిపుల్ ఐటీ, 2016లో మొదలైన ఒంగోలు ట్రిపుల్ ఐటీ పదో తరగతి మార్కుల మీదే ఆరేళ్ల చదువుకు సీటిస్తాయి. ప్రభుత్వ బడి పిల్లలకు 4 శాతం అదనంగా కలుపుతారు. వ్యవసాయ విశ్వవిద్యాలయంలో రైతు కుటుంబాల పిల్లలకు కోటా ఉంది. 1950 నుంచి నడుస్తున్న నరసరావుపేట ఎస్‌ఎస్‌ఎన్ కాలేజీ, మాచర్ల ప్రభుత్వ డిగ్రీ కాలేజీ లాంటి చోట్ల తక్కువ ఖర్చుతో డిగ్రీ చేసి బీఈడీ, పోటీపరీక్షల వైపు వెళ్లినవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు. అప్పు లేని డిగ్రీకి తొందర ఉండదు, మరో రెండేళ్లు ప్రయత్నించే వ్యవధి దొరుకుతుంది.

ఆడపిల్ల చదువుకు వేరే తూకం వద్దు

కొడుక్కి దూరపు కాలేజీ, కూతురికి దగ్గర్లో బస్సు వచ్చే కాలేజీ అని చాలా ఇళ్లలో ముందే తీర్మానం అయిపోతుంది. ర్యాంకు ఎక్కువ వచ్చింది కూతురికైనా సరే. ఆమె చదువు ఖర్చును కట్నం లెక్కలోంచి తీసేసే అలవాటూ ఉంది. పైన చెప్పిన కొలతలన్నీ ఆమెకూ అలాగే వర్తిస్తాయి. హాస్టల్ భద్రత గట్టిగా విచారించండి, అది న్యాయమైన ప్రశ్న. దూరమన్న ఒక్క కారణంతో మెరిట్ సీటు వదిలిపెట్టొద్దు. ఇద్దరికీ పెట్టే స్తోమత లేకపోతే, కొడుకు మేనేజ్‌మెంట్ సీటు కన్నా కూతురి కన్వీనర్ సీటు మీద పెట్టిన డబ్బే ఇంటికి నిలుస్తుంది.

మిరప కోతకు వెళ్లే ఇంటి నుంచి ఒక పిల్ల డిగ్రీ పట్టా తెచ్చుకుంటే దాని విలువ జీతంతోనే తీరదు. బ్యాంకులో, ఆస్పత్రిలో, ఆఫీసులో తన మాట తాను మాట్లాడగలగడం కూడా చదువు ఇచ్చిందే. ఆ విలువ తెలిసినందుకే చదువు మీద పెట్టే ప్రతి రూపాయీ సరైన చోట పడాలని అంటున్నాను.

తీర్పు

కన్వీనర్ కోటాలో, రీయింబర్స్‌మెంట్‌తో దొరికే మంచి కాలేజీ సీటు మన ప్రాంత కుటుంబాలకు ఖర్చుకు తగినదే. బ్యాంకు రుణంతో చేరే సీటు, మధ్యగత జీతం బాగుండి, చేరినవారిలో సగానికి పైగా గడువులో పాసై పనిలో కుదురుకుంటున్న కాలేజీలోనైతే తగినదే. రెండు రూపాయల వడ్డీకి తెచ్చో, ఎకరం అమ్మో కట్టే మేనేజ్‌మెంట్ సీటు చాలా కుటుంబాలకు తగినది కాదు. ఆ పరిస్థితిలో పాలిటెక్నిక్, ప్రభుత్వ డిగ్రీ, లేదా ఒక ఏడాది ఆగి మెరుగైన ర్యాంకుకు ప్రయత్నించడం మేలు.

ప్రభుత్వం చేయాల్సిన పని ఒకటుంది. కౌన్సెలింగ్ వెబ్‌సైటులో ప్రతి కాలేజీ పేరు పక్కన చేరినవారు, గడువులో పాసైనవారు, ఉద్యోగం వచ్చినవారు, మధ్యగత జీతం అనే నాలుగు అంకెలు తెలుగులో కనిపించేలా చూపించాలి. అమెరికా ప్రభుత్వం ఇలాంటి సమాచారాన్ని 2015 నుంచి అందరికీ అందుబాటులో ఉంచుతోంది. మన దగ్గర అంకెలు ఇప్పటికే ఉన్నాయి, రైతు కంటికి ఆనేచోట పెట్టడమే మిగిలింది.

అంతవరకు ఆ పని మనమే చేసుకోవాలి. ఈసారి ఆప్షన్లు పెట్టేముందు ఒక సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టుకుని, మూడు కాలేజీల పట్టికలు ఫోన్‌లో తెరిచి ఆ నాలుగు అంకెలు కాగితం మీద రాయండి. పక్కన మీ అప్పు, దాని వడ్డీ రాయండి. ఆ రెండూ చూసి లెక్క కుదిరితేనే సంతకం పెట్టండి.